ఛాసీకి రంగెందుకు?

“ఛాసీకి రంగేంటి మేడమ్ గారూ? ఛాసీ అంటే నలుపే.”

విజయవాడ ఆటోనగర్‌లో పౌడర్ కోటింగ్ షెడ్డు యజమాని నాతో అన్న మొదటి మాట అది. ఆయన వెనక గోడకి ఆనించి అరడజను మోటార్ సైకిల్ ఛాసీలున్నాయి. ఒకటి నారింజ రంగు, ఒకటి ఆకాశ నీలం, ఇంకోటి చిలకపచ్చ. కుర్రాళ్లు తెచ్చి ఏ రంగు అడిగితే ఆ రంగు మారుమాట లేకుండా వేసిస్తున్నాడు. అరవై దాటిన ఆడమనిషి వచ్చి అడిగేసరికి మాత్రం ఛాసీకి నలుపు తప్ప ఇంకో రంగు ఉండదని గుర్తొచ్చింది.

నేను కూడా ఏమీ అనలేదు. “సరే, ఆలోచించుకుని వస్తా”నని వచ్చేశాను. ముప్పై ఏళ్లకి పైగా క్లాసులో కెమిస్ట్రీ చెప్పినదాన్ని, ఆ రేకుల షెడ్డులో నోరు పెగల్లేదు. తర్వాత రెండు నెలలపాటు బండిలో ఏ భాగానికి ఏ పూత వెయ్యాలా అని తిరిగిన తిరుగుడులో నాకు తెలిసొచ్చినవి కొన్ని రాద్దామని కూర్చున్నాను. మోటార్ సైకిల్ గురించి ఇక్కడ రాయడమేమిటని మీకు అనిపించొచ్చు. నాకూ అనిపించింది. చీరల గురించి, వంటిళ్ల గురించి, పుస్తకాల గురించి ఇన్నేళ్లు రాసుకున్నాం కదా, దీని గురించి రాసుకుంటే ఏం?

బండి 1988 నాటి బుల్లెట్ 350. మద్రాసులో తయారైంది. ట్యాంకు మీది బంగారు గీతలు కంపెనీలో మనుషులు చేత్తో గీసినవి. దాని మీద నేను ముప్పై మూడేళ్లు కూర్చున్నాను. ఎడమవైపుకి తిరిగి, ఒక చెయ్యి ఆయన భుజం మీద, ఒళ్లో సంచో, పిల్లాడో. కాలేజీకి వెళ్లడానికి నాకు స్కూటీ ఉండేది. బుల్లెట్ మాత్రం ‘ఆయన బండి’. అలాగని ఎవరూ రాసి పెట్టలేదు, అందరికీ తెలుసంతే.

2021 మేలో ఆయన కోవిడ్‌తో పోయారు. బండి రెండేళ్లు మెట్ల కింద టార్పాలిన్ కప్పుకుని ఉండిపోయింది. “పాత బుల్లెట్లకి మంచి రేటుంది, అమ్మెయ్ వదినా” అంది మా ఆడపడుచు. “అమ్మొద్దమ్మా, నేనొచ్చాక చూద్దాం” అన్నాడు డల్లాస్ నుంచి మా వాడు. నేను నడుపుతానని వాళ్లెవరూ అనుకోలేదు. నిజం చెప్పాలంటే నేనూ అనుకోలేదు. మా చెల్లెలి కూతురు దసరా సెలవులకొచ్చి, టార్పాలిన్ తీసి, “పెద్దమ్మా, నువ్వెందుకు నేర్చుకోకూడదు?” అంది. ఆ పిల్లే నేర్పింది. పాత బుల్లెట్‌కి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఈ కాలపు బళ్లకి పూర్తిగా తిరగేసి ఉంటుంది. మూడో రోజున దిగబోతుంటే కుడి పిక్క సైలెన్సర్‌కి తగిలి కాలింది. ఇన్నేళ్లూ ఎడమవైపే కూర్చున్నదాన్ని కనక కుడివైపు సైలెన్సర్ అంత వేడెక్కుతుందని నా ఒంటికి తెలియదు! ఆ మచ్చ ఇంకా ఉంది.

బండి నా పేరు మీదికి మార్చుకోవడానికి ఫారం 31 పెట్టుకున్నాను. కాయితాల సంగతి అంతటితో వదిలేస్తాను. ఆ విసుగు మీ అందరికీ తెలిసిందే.

మెకానిక్ భాయ్ బండి మొత్తం విప్పి, ఛాసీని నేల మీద పడుకోబెట్టి, బ్యాటరీ పెట్టె కింద చెయ్యి పెట్టి చూడమన్నాడు. వేలు పెడితే తుప్పు పొరలు పొరలుగా రాలింది. ఏళ్ల తరబడి బ్యాటరీ లోంచి యాసిడ్ చుక్క చుక్క కారి ఇనుమును తినేసింది. సల్ఫ్యూరిక్ యాసిడ్, ఇనుము! ఎన్ని వందల సార్లు నల్లబల్ల మీద రాశానో ఆ సమీకరణాన్ని. ఆదివారం పూట ఆయన గంటలకొద్దీ బండి తుడిచేవారు. ట్యాంకు, రిమ్ములు, మడ్‌గార్డులు తళతళలాడేవి. కనబడని చోట ఎవరూ చూడలేదు. నేనైనా చూసిందెక్కడ?

తిన్న చోట కొత్త రేకు వెల్డింగ్ చేశాక, పైన పూత ఏం వెయ్యాలన్నది ప్రశ్న. లప్పం పెట్టి స్ప్రే కొట్టించొచ్చు. చౌక, ఎక్కడైనా గీరుకుంటే మళ్లీ అద్దుకోవచ్చు. లేదా పౌడర్ కోటింగ్. దాంట్లో తడి రంగు ఉండదు. పిండిలాంటి పొడిని తుపాకీ లాంటి దాంతో చిమ్ముతారు. బయటికి వచ్చేటప్పుడు వేల వోల్టులతో ఆ పొడికి విద్యుదావేశం ఇస్తారు. ఛాసీని భూమికి కలిపి వేలాడదీస్తారు కనక పొడి వెళ్లి దానికి అంటుకుంటుంది. తర్వాత ఓవెన్లో పెడితే, సుమారు 180 నుంచి 200 డిగ్రీల దగ్గర పది పదిహేను నిమిషాల్లో కరిగి, బిగుసుకుని, గట్టి తొడుగులాగా అవుతుంది. మందం 60, 80 మైక్రాన్లు ఉంటుంది. రాయి తగిలినా అంత తొందరగా ఊడదు. కానీ ఒకసారి పెచ్చు లేచిందంటే అతుకు వెయ్యడం కష్టం. తడి పొర కిందికి దూరి లోపల్లోపలే పాకుతుంది. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది.

ఇంకో చిక్కు ఉంది. గొట్టాలు కలిసే ఇరుకు మూలల్లోకి పొడి సరిగా పోదు. విద్యుత్ క్షేత్రం లోపలి మూలల్లో బలహీనంగా ఉంటుంది, పొడంతా అంచుల మీదే పడుతుంది. దీన్ని ఫారడే కేజ్ అంటారు. ఎలక్ట్రాలిసిస్ పాఠంలో ముప్పై ఏళ్లు వల్లించిన ఆ ఫారడేయే మళ్లీ ఇక్కడ ఎదురయ్యాడు. ఆ మూలలు ముందు కొట్టి, తర్వాత మిగతాది కొట్టమని చెప్పాలి. ఆ మాట నేను రెండోసారి వెళ్లినప్పుడు చెప్పాను. అప్పటినుంచి షెడ్డు యజమాని నన్ను “టీచరమ్మ గారూ” అనడం మొదలుపెట్టాడు. ఎంత చిన్న విషయమో చూడండి! పరీక్ష పాసయితే గానీ మనకి గిరాకీ హోదా రాదు. పక్కనున్న కుర్రాడికి ఫారడే ఎవరో తెలియదు, అతన్ని ఎవరూ అడగలేదు కూడా.

ఆ షెడ్డులో నాకు అసలు పాఠం చెప్పింది యజమాని కాదు, మాస్కింగ్ చేసే ఆమె. పొడి పడకూడని చోట్లన్నీ ఓవెన్ వేడికి ఆగే టేపుతో, రబ్బరు బిరడాలతో మూసే పని ఆమెది. నేను “అమ్మాయ్” అని పిలిచాను, ఆమె నన్ను “అమ్మగారూ” అంది. తర్వాత తెలిసింది, నాకంటే ఆరేళ్లే చిన్నదని. సిగ్గేసింది, కానీ అప్పటికే పిలుపులు స్థిరపడిపోయాయి. స్టీరింగ్ కోన్ సెట్టు కూర్చునే చోట, బోల్టుల మరల్లో, స్వింగ్ ఆర్మ్ బుష్షుల దగ్గర, ఇంజను బిగించే పలకల దగ్గర ఎక్కడ పూత పడినా తర్వాత మెకానిక్ ఆకురాయితో గీకుతాడనీ, గీకిన చోటే తుప్పు మొదలవుతుందనీ ఆమే చెప్పింది. స్టీరింగ్ గొట్టం మీద కొట్టిన ఛాసీ నంబరును తనంతట తనే టేపుతో మూసింది. “దీని మీద మందంగా పడితే అచ్చు సరిగా కనపడదమ్మగారూ, బ్రేకు ఆఫీసులో పెన్సిలుతో రుద్దితే నంబరు పడాలి కదా.” ఆమె చేసిన పనంతా ఓవెన్ లోంచి రాగానే పీకి పారేస్తారు. బండి మీద ఆమె పని ఆనవాలు, రంగు పడని చోట్లే.

“మీరే తోల్తారా?” అని అడిగింది. అవునన్నాను. “మీదేనా?” అంది. దానికి జవాబు చెప్పడానికి ఒక క్షణం పట్టింది.

రంగు సంగతికి వస్తాను. షేడ్ కార్డులో రంగులకి పేర్లుండవు, నంబర్లుంటాయి. 1927లో జర్మనీలో నలభై రంగులతో మొదలైన ఆర్.ఎ.ఎల్. పట్టిక అది. ఇప్పుడు రెండు వందలకి పైనే ఉన్నాయి. మనకి రంగంటే వంగపండు, నెమలికంఠం, చిలకపచ్చ. అక్కడ 9005, 3005, 6005. కార్డు పట్టుకుని ఇంటికొచ్చాను.

మా వాడు వీడియో కాల్లో, “అమ్మా, ఒరిజినల్ బ్లాకే ఉంచు. డాడీ బండిలాగే ఉండాలి” అన్నాడు. వాడి గొంతులో ఏముందో నాకు తెలుసు, వాడు తండ్రిని చివరిసారి చూడలేకపోయాడు. మా ఆడపడుచు, “నలుపో, బూడిద రంగో అయితే హుందాగా ఉంటుంది వదినా. ఈ వయసులో ఎర్రబండి మీద ఊరేగుతావా ఏంటి?” అంది. ‘ఈ వయసులో’ అన్నది గానీ, ఆమె అనదలుచుకున్నది ఆ మాట కాదని ఇద్దరికీ తెలుసు.

ఆయన పోయినప్పుడు గాజులు, బొట్టు తీసే తంతు ఏదీ చేయనివ్వలేదు నేను. కోవిడ్ రోజులు, జనం లేరు, గొడవ పెద్దది కాలేదు. స్త్రీవాదిగా అది నా విజయమనుకున్నాను. కానీ ఆ తర్వాత చీరల బీరువా తెరిచినప్పుడల్లా నా చెయ్యి తనంతట తనే లేత రంగుల వైపు వెళ్లేది. ఎవరూ వద్దనలేదు, నేనే. మూడేళ్లలో కొన్న చీరలన్నీ ఒకసారి మంచం మీద పరిచి చూసుకుంటే తెల్లబోయాను. గంధం, బూడిద, లేత గోధుమ.

అందుకని ఎరుపు వేయించేద్దామని నిశ్చయించుకున్నాను. 3005, ద్రాక్షసారా రంగు. షెడ్డుకి ఫోన్ చేసి చెప్పేశాను కూడా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే నాకు ఎరుపంటే ఇష్టం లేదు! పెళ్లి నాటి ఎర్రచీర తప్ప ఎప్పుడూ కట్టుకున్నది లేదు. మా ఆడపడుచు మాటకి జవాబుగా ఎంచుకున్న రంగది. ఆమె ఊరేగుతావా అంది కనక ఊరేగుతానని చెప్పడం. అంటే అదీ ఆమె ఎంపికే, కాకపోతే తిరగేసి. ఎదిరించడాన్నే ఇష్టమనుకుని నేను జీవితంలో ఇంకేమేం చేశానో అని కూడా అనిపించింది, దాని గురించి మరోసారి.

మరి నాకేది ఇష్టం? ఈ ప్రశ్నకి జవాబు తెలియకపోవడం ఎంత అవమానంగా ఉంటుందో చెప్పలేను. గోడలకి రంగులు ఆయన, కర్టెన్లు మా అత్తగారు, సోఫాలు మా వాడు. నా స్కూటీ కూడా షోరూంలో ఉన్నదేదో తీసుకున్నదే. ఒక కాలంలో ఆ స్కూటీ వాళ్లు ఆడపిల్లల కోసమని 99 రంగులు ప్రకటించారు, గుర్తుందా? రంగులు మనకి, ఇంజను సైజు వాళ్లకి అని నవ్వుకున్నాం అప్పట్లో. నవ్వామే గానీ ఆ 99లో నాకేది నచ్చుతుందని అప్పుడూ ఆలోచించలేదు.

పొద్దున్నే ఫోన్ చేసి ఎరుపు ఆపించాను. కార్డును వంటింటి కిటికీ దగ్గర తగిలించాను. పొద్దుటి వెలుగులో, మధ్యాహ్నం, ట్యూబులైటు కింద చూశాను. ఎవరినీ అడగలేదు. వారం తిరిగేసరికి కన్ను పదే పదే 6005 దగ్గర ఆగుతోంది. నాచు రంగు. నీడలో నలుపులా ఉంటుంది, ఎండ పడితే పచ్చగా తేలుతుంది. ఎందుకు నచ్చిందంటే కారణం చెప్పలేను. చిన్నప్పటి చెరువనీ, అమ్మ చీరనీ ఏదో ఒకటి కల్పించి చెప్పొచ్చు, కానీ అవేవీ కావు. నచ్చింది.

ఛాసీ, స్వింగ్ ఆర్మ్, స్టాండు నాచు రంగు. ట్యాంకు నల్లగానే ఉంచాను, తాకలేదు. మా వాడి కోసం కొంత, ఆ చేతిగీతలు మళ్లీ రావని కొంత. ఇంకో నిజం కూడా చెప్పాలి. ఆర్.సి.లో బండి రంగు నలుపని ఉంది, అది మార్చాలంటే మళ్లీ ఆ ఆఫీసు చుట్టూ తిరగాలి. ఎంపికల్లో బద్ధకానికీ వాటా ఉంటుంది.

చక్రాల దగ్గర ఇంకో తలనొప్పి. రిమ్ముల మీద క్రోము లేచిపోయింది. మళ్లీ క్రోము చేయిద్దామనే వెళ్లాను. బుల్లెట్ అంటే మెరవాలి కదా! ఊరి బయట షెడ్డు. వరసగా తొట్లు, రాగి, నికెల్, ఆఖర్న క్రోము. మనం మెరుపని చూసే క్రోము పొర ఒక మైక్రాన్‌లో సగం కూడా ఉండదు. అసలు తుప్పును ఆపేది దాని కింద కనబడకుండా ఉండే నికెల్. ఇదంతా నేను చెప్పిన పాఠమే. చెప్పనిది, ఆ తొట్టి పక్కన నిలబడ్డ కుర్రాడి చెయ్యి. చేతిముణుకుల మీద గుండ్రంగా, లోతుగా, మందుగుండు పడ్డట్టు పుళ్లు. ఒక చేతికే తొడుగుంది. మూతికి రుమాలు. తొట్టిలో ముదురు నారింజ రంగు ద్రవం, పైన సన్నటి పొగమంచు.

ల్యాబులో డైక్రోమేట్ టైట్రేషన్లు ఎన్ని చేయించానో. “ఒంటికి తగలనివ్వకండి” అని ఏడాదికొకసారి చెప్పేదాన్ని. ఆరు వేలెన్సీ క్రోమియం చర్మాన్ని తింటుంది, ముక్కు లోపలి గోడకి చిల్లు పెడుతుంది. క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1990లోనే తేల్చింది. యూరప్‌లో 2017 సెప్టెంబర్ నుంచి ప్రత్యేక అనుమతి లేకుండా క్రోమిక్ యాసిడ్ వాడకూడదు. మూడు వేలెన్సీ క్రోమియంతో చేసే పద్ధతి కూడా ఉంది, మెరుపు కాస్త ముదురుగా వస్తుంది. నేను వెళ్లిన షెడ్డులో ఆ మాట ఎవరూ వినలేదు. చువ్వలకి పూత వేశాక ఓవెన్లో కాలుస్తారా అనడిగాను. పూత వేసేటప్పుడు ఉక్కులోకి హైడ్రోజన్ చేరి పెళుసెక్కుతుంది, కాల్చకపోతే నడుస్తుండగా చువ్వ పుటుక్కుమనొచ్చు. “తమరు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చారా మేడమ్?” అన్నాడు యజమాని. రిమ్ములు ఆటోలో వేసుకుని వెనక్కొచ్చాను.

ఇదేదో గొప్ప నిర్ణయమని చెప్పడం లేదు. పౌడర్‌కి ముందు ఛాసీని ఇసుకతో బ్లాస్టింగ్ చేశారు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్. బ్రిటన్‌లో ఇసుకతో బ్లాస్టింగ్‌ని 1950లోనే ఆపేశారు. ఆ షెడ్డులో ఆ పని చేసే మనిషి మొహానికి తుండు చుట్టుకున్నాడు. నేను అది చూశాను, ఛాసీ అక్కడే ఇచ్చాను. నా రంగు నేను ఎంచుకున్నానని ఇప్పటిదాకా ఇంత గర్వంగా రాశాను కదా, ఆ రంగు కింద ఇనుము తెల్లగా మెరిసేలా చేసింది అతని దగ్గు. రిమ్ములకి మాత్రం వెండి రంగు పౌడర్ వేయించి, చువ్వలు స్టెయిన్‌లెస్ స్టీలువి కొన్నాను. నిపిళ్లు కూర్చునే చోట మాస్కింగ్ బాగా చెయ్యమని మరీ మరీ చెప్పాను. అక్కడ పొర మందంగా ఉంటే తర్వాత అణిగిపోయి చువ్వలు వదులవుతాయి. “తెలుసులెండి అమ్మగారూ” అందామె, చిన్నగా విసుక్కుంటూ. ఆ విసుగు నాకు నచ్చింది.

శారీ గార్డు దగ్గర అందరూ ఒకే మాట. మెకానిక్ భాయ్, షెడ్డు యజమాని, చివరికి మా చెల్లెలి కూతురు కూడా. “తీసేయండి, లుక్కు పాడవుతుంది.” ఆ కమ్మీల చట్రానికి చట్టంలో చోటుంది. 1989 నాటి మోటారు వాహనాల నిబంధనల్లో 123వది. వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రమైనా కప్పి ఉంచాలంటుంది. ముప్పై మూడేళ్లు నా కుచ్చిళ్లని ఆ చక్రం నుంచి కాపాడింది అది. దాన్ని చూస్తే అటూ ఇటూ రెండూ అనిపిస్తాయి. ఆడవాళ్లు పక్కకే కూర్చుంటారని ఇనుముతో రాసిపెట్టినట్టూ ఉంటుంది, అలా కూర్చునే మనిషి బతకాలని ఎవరో తలచినట్టూ ఉంటుంది. ఇప్పుడు నేను సల్వార్ వేసుకుని ముందు కూర్చుంటున్నాను కదా అని దాన్ని పీకెయ్యాలా? అలాగే ఉంచమన్నాను. దానికీ నాచు రంగే.

ఇక సైలెన్సర్. అది లోపల చిల్లులు పడింది, కొత్తది వేయించాం. ఇంజను నుంచి వచ్చే బెండు పైపు మాత్రం గట్టిగానే ఉంది. వందల డిగ్రీల వేడికి మామూలు పౌడర్ అక్కడ మాడిపోతుంది. సిరామిక్ పూతయినా వెయ్యాలి, సిలికాన్ రంగయినా కొట్టాలి. పైపు వంపు దగ్గర నీలం, బంగారు, ఊదా చారలున్నాయి. అది రంగు కాదు. వేడికి లోహం మీద ఏర్పడిన ఆక్సైడు పొర. పొర మందాన్ని బట్టి కాంతి అలా కనబడుతుంది. “ఈ నీలం శ్రీశైలం ఘాట్‌ది” అని ఆయన వచ్చినవాళ్లందరికీ చూపించేవారు. పాలిష్ పెడితే పోతుంది. పెట్టొద్దని చెబుతుంటే గొంతు పట్టేసింది.

మెకానిక్ భాయ్ పైపు తిప్పి చూసి, “ఘాట్ వల్ల కాదు మేడమ్ గారూ, కార్బొరేటర్లో పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. టైమింగూ సరిగా లేదు. ఎన్నేళ్లు అలా తోలారో సారు” అన్నాడు. నాకు నవ్వాగలేదు. బండి గురించి ఆయనకి తెలియనిది లేదనుకున్నాం ఇంటిల్లిపాదీ! ఆ చారలు అలాగే ఉన్నాయి. టైమింగు సరిచేయించాను, కొత్త నీలం రావడం లేదు.

కొత్త సైలెన్సర్‌కి వేడికి ఆగే నల్ల సిలికాన్ రంగు నేనే డాబా మీద కొట్టాను. అది ఇంజను వేడికే గట్టిపడాలి. పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచడం, చల్లారనివ్వడం, మళ్లీ కాస్త ఎక్కువసేపు. తొలిసారి పొగ లేస్తే ఎదురింటివాళ్లు బిందెతో నీళ్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు.

సంక్రాంతికి మా ఆడపడుచు వచ్చింది. బండి చుట్టూ ఒకసారి తిరిగింది. “ఇదేం రంగు వదినా, నాచు పట్టినట్టుంది” అంది. నాచు రంగేనన్నాను. తిరిగి వెళ్లేటప్పుడు ఆటో దొరకలేదు, బస్టాండులో దింపమంది. హెల్మెట్ పెట్టుకోనంది, పెట్టుకుంటే గానీ కదలనన్నాను. పట్టుచీర సర్దుకుని ఎడమవైపుకి తిరిగి కూర్చుంది. కొంగు ఒళ్లోకి తీసుకుని, కిందికి చూసి, “గార్డు తీసెయ్యలేదు కదా, బతికించావు” అంది. కుడికాలితో గేరు వేశాను.